ధనుర్మాసంలో బుకింగులు లేవు

పంచాంగం తిరగేస్తే గానీ పని దొరకని వృత్తులు కొన్నున్నాయి. పురోహితులు, సన్నాయి మేళం, వంటవాళ్లు, షామియానా వాళ్లు, వాళ్ల వెనకే పెళ్లి ఫొటోలు తీసే మేము. మాఘం వచ్చిందంటే కంటిమీద కునుకుండదు. ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం అంతే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. వీటికి తోడు గురు మూఢమో శుక్ర మూఢమో దాపురించిందంటే భీమవరంలో స్టూడియోల వాళ్లంతా టీకొట్టు దగ్గర చేరి ఈఎంఐల గురించి మాట్లాడుకుంటారు. నేనూ వెళ్తాను. నేనూ నిట్టూరుస్తాను. కాకపోతే నా నిట్టూర్పులో నిజాయితీ కొంచెం తక్కువ.

డిసెంబరు సగం నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం కదా. పెళ్లిళ్లుండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొల్లేట్లో గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని మేపుతుంటాయి. కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖ వాళ్లు చెరువు మధ్య ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. చెట్లు చాలని పక్షులు వాటి మీదే కాపురం పెడతాయి. ఎర్రకాళ్ల కొంగలు కూడా వచ్చి చేరతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ సరస్సుని 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. మొదట తెలిసింది మాత్రం, తెల్లవారుజామున మంచు విడేవేళ గూడబాతు నీళ్ల మీద ఎలా దిగుతుందనేది. అంత భారీ శరీరం, గాల్లో ఉన్నంతసేపు బరువే లేనట్టు ఉంటుంది. నీళ్లు దగ్గరకొచ్చేసరికి రెక్కలు విప్పి గాలిని ఆపుతుంది, కాళ్లు రెండూ ముందుకి చాపుతుంది, పాదాల మీద నాలుగు గజాలు జారుకుంటూ వచ్చి ధబ్బున కూర్చుంటుంది. ఆ జారేటప్పుడు పాదాల కింద లేచే నీటితెర కోసం నేను ఎన్ని ఆదివారాలు తగలేశానో మా ఆవిడనడగాలి.

అప్పట్లో నేను రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాసేవాణ్ని. చేతిలో ఉన్నది సెకండ్‌హ్యాండ్ కెనాన్ బాడీ, ఒక జూమ్ లెన్సు. ఫొటోలు ఎవరికీ చూపించేవాణ్ని కాదు, చూసేవాళ్లూ లేరు. డీలరుగారమ్మాయి ఓణీల ఫంక్షనుకి రావాల్సిన స్టూడియో కుర్రాడికి జ్వరమొచ్చింది. "ఏవోయ్, నీ దగ్గర కెమెరా ఉందంటగా" అన్నారు ఆయన. తీశాను. కవర్లో పెట్టి 3 వేలిచ్చారు. నేను నెలంతా మేత బస్తాలు లెక్కపెడితే వచ్చే జీతానికి అది ఎంత దగ్గరో మనసులో లెక్క వేసుకుంటూ ఇంటికొచ్చాను. సరదాగా చేస్తున్న పని తిండి పెట్టగలదన్న ఆశ చాలామందికి ఇలాంటి కవర్లోంచే పుడుతుంది.

ఉద్యోగం వెంటనే మానలేదు. మావూళ్లో పాతకాలం స్టూడియో ఉన్న ఒక బాబాయ్ దగ్గర సీజన్లో రెండో కెమెరాగా వెళ్లేవాణ్ని. ఆయన నేర్పింది పుస్తకాల్లో ఉండదు. "ఒరేయ్, షామియానా గుడ్డ ఎర్రగా ఉంటే ఫ్లాష్ పైకి కొట్టకు. పెళ్లికూతురు టమాటా అయిపోద్ది" అనేవాడు. నిజమే, గుడ్డకి తగిలి కిందికొచ్చే వెలుగు ఆ రంగునే మోసుకొస్తుంది. "అత్తగారి తరపువాళ్లని రెండుసార్లు తియ్యి, ఒకసారి వాళ్ల కోసం, ఒకసారి గొడవ రాకుండా." ఇదీ ఆయన మాటే.

పెళ్లిలో నాకిప్పటికీ గుండె వేగం పెరిగేది జీలకర్ర బెల్లం దగ్గరే. మంగళసూత్రానికి మూడు ముళ్లున్నాయి, ఒకటి తప్పినా ఇంకోటి దొరుకుతుంది. తలంబ్రాలు పావుగంట సాగుతాయి. జీలకర్ర బెల్లానికి అంత వెసులుబాటుండదు. ఇద్దరి మధ్యా అడ్డుతెర ఉంటుంది. పురోహితుడు వాచీ చూసి తలూపుతాడు, మేళం ఒక్కసారిగా గట్టిగా అందుకుంటుంది, తమలపాకులో ముద్ద పట్టుకున్న చేతులు తెర పైనుంచి లేచి అవతలివాళ్ల నెత్తిన ఆనుతాయి. తెర దిగుతుంది. అంతవరకూ పురోహితుడు చెప్పినట్టల్లా ఆడుతున్న ఇద్దరు మనుషులు ఆ క్షణాన ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపుకి తయారీ ఉండదు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి అక్షింతలు జల్లున పడతాయి, సగం నా లెన్సు హుడ్‌లోకే. పక్కనుంచి ఒక మేనమామ ఫోను పట్టుకున్న చెయ్యి ఫ్రేములోకొస్తుంది. వీడియోవాడి లైటు కంట్లో కొడుతుంది. వీటన్నిటి మధ్యలోంచి ఆ రెండు ముఖాలూ దొరికాయంటే, తెల్లవారుజాము మూడింటి ముహూర్తమైనా సరే, ఆకలి తెలీదు.

అంటే పెళ్లి పని బరువేమీ కాదు. బరువు వేరే చోట ఉంది.

ఉద్యోగం మానేసి సొంతంగా దిగాక రెండో ఏటికే ఒక సంగతి గమనించాను. ఆదివారం పొద్దున్నే మెలకువ వచ్చేది గానీ కెమెరా బ్యాగు జిప్పు తియ్యబుద్ధయ్యేది కాదు. అలసట అనుకున్నాను. సీజన్ అయిపోయి, పదిరోజులు పడుకుని లేచాక కూడా అంతే. ఎందుకో ఆలోచిస్తే లిస్టులు గుర్తొచ్చాయి. ఈ మధ్య ప్రతి పెళ్లికీ లిస్టు వస్తుంది. వాట్సాప్‌లో ఎవరో బెంగుళూరులో తీయించుకున్న ఫొటోలు పంపి, "ఇది ఇలాగే, ఇది ఇలాగే, ఇక్కడ అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వాలి" అంటారు. లిస్టు పట్టుకుని మంటపంలో నిలబడ్డవాడికి కళ్లుండక్కర్లేదు. టిక్కులు పెట్టుకుంటూ పోతే చాలు. కంటిని నెలల తరబడి అలా పక్కనబెడితే ఆదివారం చెరువు గట్టున హఠాత్తుగా పనిచెయ్యమంటే చెయ్యదు.

మా మరదలు బీఈడీ చదివేటప్పుడు మనస్తత్వ శాస్త్రం పాఠంలో ఒక ప్రయోగం ఉండేది. ఆమె చెప్పగా విన్నాక నేనూ చదివాను. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు 1973లో ప్రచురించారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే శిశు పాఠశాలలో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బన్ కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మిగిలినవాళ్లకి ఏమీ ఇవ్వలేదు. తర్వాత కొద్దిరోజులకి తరగతిలో రంగు పెన్నులు ఊరికే పెట్టి చూస్తే, ముందు మాట ఇచ్చిన పిల్లలు వాటిని ముట్టుకున్న సమయం మిగిలినవాళ్లలో దాదాపు సగమే. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్ల సరదా మాత్రం చెక్కుచెదరలేదు.

దీన్ని చాలామంది "డబ్బొస్తే కళ చస్తుంది" అనడానికి వాడుకుంటారు. నాకు అలా అనిపించదు. రెండో గుంపు పిల్లలకీ అదే సర్టిఫికెట్ అందింది కదా, వాళ్ల సరదా ఏమీ పోలేదు. పోయింది ముందే ఒప్పందంలో కట్టుబడ్డ పిల్లలకి. కైకలూరులో ఒక పిల్లల డాక్టరుగారు నా గూడబాతు ఫొటో ఎక్కడో చూసి, ఆస్పత్రి గోడకి పెద్ద ప్రింటు కొనుక్కున్నారు. ఆ డబ్బు నా ఉత్సాహాన్ని ఏమీ తగ్గించలేదు, పైగా ఆ వారం రెండుసార్లు ఆటపాక వెళ్లాను. అదే డాక్టరుగారు ముందుగా పిలిచి, "ఎడమవైపుకి తిరిగిన పక్షి, నీలం బ్యాక్‌గ్రౌండు, పదో తారీకులోగా" అనుంటే నేను ఆ పక్షిని ఎలా చూసేవాణ్నో నాకు తెలుసు.

నా అనుభవంలో ఇది రుజువైన చోటు పెళ్లి వంటశాల. ముహూర్తానికి ముందు గంటన్నర మాకు పనుండదు. ఆ టైములో నేను వెనకనున్న పాకలోకి పోయేవాణ్ని. రాత్రి రెండింటికి పెద్ద బాణలి ముందు చెమటలు కక్కుతూ బూరెలు వేసే మనిషి, పూర్ణం ఉండని పిండిలో ముంచి, వేలితో అంచు తుడిచి, నూనెలోకి వదిలే ఆ చెయ్యి. నిప్పు వెలుగు కింద నుంచి కొడుతుంటే ముఖాలకి అద్భుతమైన నీడలొస్తాయి. ఎవరూ అడగని ఫొటోలు, ఎవరికీ ఇవ్వని ఫొటోలు. ఒకసారి ఆ వంట మేస్త్రీ చూసి ముచ్చటపడి తన క్యాటరింగ్ బ్యానరుకి కావాలన్నాడు. ఇచ్చాను. డబ్బిచ్చాడు, తీసుకున్నాను. తర్వాత పెళ్లినుంచి నేను లోపలికి రాగానే, "అన్నా, ఆగు" అని కుర్రాళ్లందరికీ ఉతికిన టోపీలు పెట్టించి, బూరెల గిన్నె వంచి పట్టుకుని నవ్వేవాడు. అతని తప్పేం లేదు, వ్యాపారం అతనిది. నాకు మాత్రం ఆ పాక పోయింది. ఇప్పుడు ముహూర్తానికి ముందు విడిదింటి వరండాలో కూర్చుంటాను. పేకాడుకునే పెద్దాళ్లు ఇంకా నా చేతిలో కెమెరాని పట్టించుకోవడం లేదు.

ఇదంతా చూశాక నేను పెట్టుకున్న పద్ధతులు పెద్ద గొప్పవేం కావు. పక్షుల లెన్సు పెళ్లికి రాదు, పెళ్లి బాడీ చెరువుకి రాదు. ఇది చాదస్తంలా కనిపిస్తుంది, కానీ చేతికి ఆ బరువు తగిలితే చాలు, బుర్ర దానంతటదే మారుతుంది. చెరువు దగ్గర తీసినవి తీసిన వారంలో ఎక్కడా పెట్టను. ఎవరైనా తర్వాత చూసి కొంటామంటే సంతోషం. ఇక ధనుర్మాసంలో బుకింగులు తీసుకోను. పెళ్లిళ్లు లేనప్పుడు తీసుకోకపోవడమేం గొప్ప అనకండి. డిసెంబరులో అమెరికా నుంచి సెలవులకొచ్చే పిల్లలుంటారు. ముహూర్తం లేకపోయినా రిసెప్షన్లు, షష్టిపూర్తులు, విందులు ఆ రోజుల్లోనే పెట్టుకుంటారు. డబ్బు కూడా బాగా ఇస్తారు. అవి మా శ్రీనుకి అప్పగిస్తాను. నా దగ్గర లైట్లు మోస్తూ మొదలుపెట్టినవాడు, ఇప్పుడు నాకంటే బాగా తీస్తాడు.

ఖాళీగా ఉండే ధైర్యం మాత్రం ఊరికే రాదు, రేటులోంచే రావాలి. సరదాతో దిగినవాళ్లం మొదట చేసేది సగం ధరకి ఒప్పుకోవడం. "నాకిష్టమైన పనేగా" అని మనమే అనుకుంటాం, "మీకిష్టమేగా" అని వాళ్లూ అంటారు. లక్ష రూపాయల పెళ్లి అంటే వినడానికి బాగుంటుంది. అందులో క్యాండిడ్ తీసే కుర్రాడికి, వీడియో ఇద్దరికి, డ్రోనుకి, ఎడిటింగుకి, రెండు ఆల్బమ్‌లకి, కారుకి పోగా నాకు మిగిలేది 20 వేలు, మహా అయితే 25 వేలు. ఆ మిగులులోంచే కెమెరా అరుగుదల కూడా తీయాలని ఎవరికీ తోచదు. మధ్యరకం కెమెరా షట్టరుకి కంపెనీలు చెప్పే ఆయుష్షు లక్ష నుంచి రెండు లక్షల క్లిక్కులు. ఒక పెళ్లికి 4, 5 వేలు నొక్కుతాం. అంటే 20 పెళ్లిళ్లు మొదలుకొని 50 లోపు ఆ షట్టరు కంపెనీ మాట దాటిపోతుంది. ఆదివారం సరదాకి పదేళ్లు వచ్చే బాడీ, వృత్తికి దిగితే రెండు మూడు సీజన్లకి మార్చాలి. ఈ లెక్క వేసుకోనివాడు మూఢంలో కూడా పుట్టినరోజులకి పరిగెత్తాల్సిందే. (ఏడాది రాబడి 20 లక్షలు దాటితే సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, ఫొటోగ్రఫీకి అది 18 శాతం. చిన్న వ్యాపారానికి ఉద్యమ్ నమోదు ఉచితం. అది చేసిపెడతామని డబ్బులడిగేవాళ్లని నమ్మకండి.)

ఇంకో సంగతి మా వృత్తిలో చాలామందికి తెలీదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. తీసినవాడు కాదు. మీరు ప్రాణం పెట్టి తీసిన జీలకర్ర బెల్లం ఫొటో పోటీకి పంపాలన్నా, షాపు గోడకి పెట్టుకోవాలన్నా ముందు రాతకోతలు ఉండాలి. నా ఒప్పందం కాగితంలో దానికి రెండు వాక్యాలుంటాయి. ఇంకో వాక్యం కూడా ఉంటుంది: చర్మం రంగు మార్చం. "కొంచెం తెల్లగా చెయ్యండి" అనే మాట ప్రతి ఆల్బమ్‌కీ వస్తుంది. చామనఛాయ పిల్లని పాలపొడిలా చేసి ఇవ్వడం నావల్ల కాదు. దీనివల్ల కొన్ని బేరాలు పోయాయి. పోనీ.

సరదాకి పట్టిన కెమెరాని వృత్తి చేసుకున్నవాళ్లలో నేను మొదటివాణ్నేం కాదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూసేవాళ్లు రాజా దీన్‌దయాళ్ అనే ఫొటోగ్రాఫర్ గురించి కూడా తెలుసుకోవాలని నా కోరిక. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కెమెరా పట్టింది 1870ల్లో, సరదాకే. 1880ల్లో ఉద్యోగం వదిలేసి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం, ఆడమనిషే నడిపే ప్రత్యేక స్టూడియో తెరిచాడు. రాజులు, దొరలు, వేటలు, విందులు అన్నీ తీశాడు. అవి ఆయన లిస్టులు. అంతకుముందు మధ్యభారతంలో తిరిగి తీసిన కోటలు, గుళ్ల ఫొటోలు చూస్తే, రాతి మీద ఎండ ఎప్పుడు పక్కనుంచి పడుతుందో అని ఓపిగ్గా నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. ఆ గుళ్ల దగ్గర అబ్బిన ఓపికే నిజాం దర్బారులోకీ వచ్చిందని నాకనిపిస్తుంది. అడ్డుతెర దించే క్షణం కోసం నేను ఊపిరి బిగబట్టి ఆగగలుగుతున్నానంటే అది ఆటపాకలో నేర్చిందే, స్టూడియోలో కాదు. సరదాని వృత్తికి శత్రువు అనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

మరదలి సంగతి మళ్లీ చెప్పాలి. టీచరు ఉద్యోగం రాక, ఇంట్లో సరదాగా చేసే మగ్గం వర్కునే పనిగా పెట్టుకుంది. ఆమె దగ్గరికీ హీరోయిన్ జాకెట్టు ఫోటో పట్టుకునే వస్తారు. కొన్నాళ్లు చేసి, సూది పట్టుకుంటే విసుగొస్తోందని ఒక చిత్రమైన ధరల పట్టిక పెట్టింది. ఫోటోలో ఉన్నట్టే కావాలంటే 6 వేలు. రంగు, బట్ట మీరు చెప్పి, డిజైను నాకొదిలేస్తే 4,500. అదే జర్దోసీ, అవే పూసలు, అన్నే రోజుల పని. "ఎక్కువ కష్టం దేనికమ్మా?" అంటే, "కష్టం రెండిటికీ ఒకటే బావా, నా తల అద్దెకిచ్చినందుకు పదిహేను వందలు" అంది. మొదట్లో నవ్వాం. ఏడాది తిరిగేసరికి ఆమె దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది డిజైను ఆమెకే వదిలేసేవాళ్లు. తక్కువ ధర కోసం వచ్చి, బాగుండేసరికి అలవాటుపడ్డారు.

మా ఆవిడ అది చూసి స్టూడియోలోనూ పెట్టమంది. లెక్కలు ఆమే చూస్తుంది, కాదనే హక్కు నాకు లేదు. ఇప్పుడు మా దగ్గర రెండు రేట్లు. బంధువుల గ్రూపు ఫొటోలు రెండిట్లోనూ ఉంటాయి, అవి లేకపోతే ఊళ్లో తిరగలేను. మిగతాది లిస్టు ప్రకారం అయితే ఒక రేటు, నాకొదిలేస్తే 15 వేలు తక్కువ. నిరుడు మాఘంలో పాలకొల్లు నుంచి ఒక పెద్దాయన వచ్చి, "మీ ఇష్టమేనండీ, మాకేం తెలుస్తుంది" అని తక్కువ రేటుకి సంతకం పెట్టారు. పెళ్లిరోజు పొద్దున్న మంటపం దగ్గర నాలుగు కాగితాలు మడిచి నా చేతిలో పెట్టారు. విప్పి చూశాను. అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వడం అందులో మూడోది.

"ఇది లిస్టు కదండీ, రేటు మారుతుంది" అన్నాను.

"అబ్బే, లిస్టు కాదండీ బాబూ. మీకు గుర్తుండడానికి రాశాం అంతే" అన్నారాయన.

బిల్లులో మా ఆవిడ దాన్ని లిస్టనే రాసింది. పెద్దాయన బేరమాడకుండా కట్టేశారు.